కింది వత్తి

కాశీబుగ్గలో కరెంటు పోయి వచ్చింది.
లాప్‌టాప్ ఆగలేదు. మూడేళ్ల క్రూడాయిల్
నిమిషం నిమిషంగా తెర మీద నడుస్తోంది.
ఎర్ర కొవ్వొత్తి, పచ్చ కొవ్వొత్తి,
ఒక్కోదానికి పైనొక వత్తి, కిందొక వత్తి.

పగలు నేను జీడి మిల్లులో కాటా గుమస్తాని.
ఎనభై కిలోల బస్తాకి ఒక గీత,
నాలుగు గీతల మీద ఒక అడ్డగీత.
చీకటి పడ్డాక పదకొండున్నర దాకా
గీతలు గీసేది నేను కాదు.

తొమ్మిది నెలలు కట్టిన పద్ధతి:
సగటు దాటితే కొను,
నలభై రూపాయలు జారితే తెంపుకో,
తొంభై ఎక్కితే దిగిపో.
లాటు ఒక్కటే, వంద పీపాలు.
గడిచిపోయిన రోజుల మీద దాన్ని తోలి చూశాను.
లాభం నాలుగు లక్షల పద్దెనిమిది వేలు!
ఆ రాత్రి డిల్లీసుకి ఫోన్ చేసి
ఏమీ చెప్పకుండా నవ్వాను.
"ఏటైనాదిరా, తాగినావేటి?" అన్నాడు.

బమ్మిడి డిల్లీసుది అనుమానం పుటక.
మందస నుంచి బస్సెక్కి వచ్చి
తన బ్రోకరు దగ్గరి పాత ధరలు పెన్‌డ్రైవులో తెచ్చాడు.
"ఇయ్యి కూడా తినిపించు దానికి."
తినిపించాను.
అదే పద్ధతి. అవే రోజులు. అదే నూనె.
నష్టం అరవై మూడు వేలు.

తెల్లార్లూ వెతికాం ఇద్దరం,
తలలో పేలు చూసినట్టు.
ఒక మంగళవారం దొరికింది.
రాత్రి ఎనిమిదీ నలభై మూడు.
నా కొవ్వొత్తి వత్తి ఆరువేల రెండొందల పన్నెండు దాకా దిగి ఆగింది.
వాడిది, రెండొందల తొమ్మిది.
నేను తెంపుకోవాల్సిన చోటు, పది.
నా ఫైలులో ఊపిరి పీల్చుకుని తొంభై ఎక్కాను.
వాడి ఫైలులో
ఒక్క రూపాయి లోతున మునిగిపోయాను.
అలాంటి నిమిషాలు ముప్పై ఏడు.

ఎవరు అబద్ధమాడారు? ఎవరూ ఆడలేదు.
నా బ్రోకరు సెకనుకి ఒకసారి కన్ను తెరుస్తాడు,
వాడి బ్రోకరు నాలుగుసార్లు.

పలాస స్టేషన్లో హౌరా బండి కదిలేటప్పుడు
జీడిపప్పు గురువులు
రెండొందల యాభై ప్యాకెట్టుని
పరుగెడుతూ నూట ఎనభైకి ఇచ్చేస్తాడు.
ఎస్-ఏడు కిటికీలో ఒకామె అందుకుంది.
ఏసీ పెట్టెలో అద్దం వెనక పడుకున్నాయనకి
ధర రెండొందల యాభయ్యే,
బరంపురం దాకా, బహుశా జీవితమంతా.
నూట ఎనభై జరిగిందా అని గురువుల్ని అడగండి,
జేబులో చిల్లర గలగలమనిపిస్తాడు.

గ్రేడింగు బల్ల దగ్గర దమయంతమ్మకి చెప్పాను,
నూనె మాట ఎత్తకుండా.
ఆమె గింజల మీంచి చూపు తియ్యలేదు.
"ఈ జల్లిట్లో ఏస్తే రెండొందల నలభై రకం,
ఆ మిల్లు జల్లిట్లో మూడొందల ఇరవై.
గింజకేటి తెలుసు బాబూ?
జల్లెడ ఎవులిదైతే పేరు ఆలే పెడతారు."
ఎంత బాగా చెప్పింది, రాసుకుందామని కలం తీశాను.
"సరే గానీ, ఆ లాప్‌టాపు కొన్నప్పుడు
నా కాడ అట్టుకెల్లిన రెండేలు ఎప్పుడిత్తావు?"
ఆ రెండువేలు మాత్రం
ఏ బ్రోకరు లెక్కలోనైనా రెండువేలే.

తెంపుకునే గీతని కిందికి జరిపాం,
ఇద్దరి వత్తులూ తగలనంత దూరం.
ఇప్పుడు నా ధరల మీద ముప్పై ఒక్క వేలు,
వాడి ధరల మీద ఇరవై ఆరు.
మూడేళ్లకి.
"రెండిట్లోనూ బతికిందే పద్దతి," అని
డిల్లీసు నిమ్మళంగా మందస బస్సెక్కాడు.

రేపు అసలు ఆర్డరు వేస్తే
అది తెగిన చోటే నాకు ధర.
చీటీ ఒకటే వస్తుంది.
తెలుసు.

అయినా నాలుగు లక్షల ఫైలు చెరపలేదు.
కొన్ని రాత్రులు తెరిచి
ఆ మంగళవారాన్ని పెద్దది చేసి చూస్తాను.
పన్నెండు దగ్గర ఆగిన వత్తి,
దాని కింద ఖాళీ నలుపు.
అందులో ఎవరో
కదులుతున్న బండి పక్కన
చెయ్యి చాపి పరుగెడుతున్నారు.